నాలుగు క్రెడిట్లు, రక్తం తీయని సర్వే

డిగ్రీ పేపర్లన్నీ పాసైన మా మేనకోడలు ఏడుపు ముఖంతో పలాసలో మా ఇంటికొచ్చింది. బీఈడీలో చేరాలంటే డిగ్రీ పట్టా కావాలి. పట్టాకు నాలుగు క్రెడిట్లు తగ్గాయని కాలేజీలో చెప్పారట.

"అన్నిట్లో మంచి మార్కులే మావా. అందులోంచి కాసిన్ని ఇటు సర్దుకోరేటి?"

పత్రికలో ఉన్నన్నాళ్లూ ప్రభుత్వ ఉత్తర్వులు చదివి అర్థం చెప్పడమే నా పని. కాలేజీ నిబంధనలు వాటికంటే నయం. ఎంత బాగా రాశావో మార్కులు చెబుతాయి, ఏ పని పూర్తిచేశావో క్రెడిట్లు చెబుతాయి. ఒకదాంట్లో ఎన్ని మార్కులొచ్చినా, చేయని పనికి క్రెడిట్ రాదు. మొదటి ఏడాది వేసవిలో ఏదైనా ఊరికి వెళ్లి చేయాల్సిన నాలుగు క్రెడిట్ల సేవా ప్రాజెక్టు ఈవిడ చేయలేదు.

"ఎందుకు సెయ్యలేదే?"

"అది మార్కులు తక్కువొచ్చినోళ్లకి అనుకున్నాను."

నవ్వు ఆపుకోలేకపోయాను. ఈ సెలవుల్లో పూర్తిచేస్తే ఒప్పుకుంటామని కాలేజీవాళ్లు అన్నారు. మర్నాడే నా స్కూటరు మీద, కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానంలో ఒక ఊరికి బయల్దేరాం. తాగునీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటున్నారో ఇంటింటా అడగాలి.

మొదటి ఇంటి ముందు కొబ్బరి ఈనెలు తీస్తున్న ముసలామె, మా మేనకోడలి చేతిలో కాగితాలు చూసి, కత్తి పక్కనపెట్టి చెయ్యి చాపింది. కిడ్నీ జబ్బు గురించి కాగితాలతో ఆ ఊరికొచ్చినవాళ్లంతా రక్తం తీసుకెళ్లినవాళ్లే మరి.

"రగతం ఒద్దమ్మా. నీళ్ల గురించి సెప్తే సాలు."

"రగతం తియ్యకుండా ఏటి సర్వేయే గుంటా? నీకు పని రాదేటి?"

పక్కింటావిడ అందుకుంది. "తీసినోళ్లు మాత్రం మళ్లీ ఒచ్చి ఏటి సెప్పినారు?"

"నేనొచ్చి సెప్తాను. రాసిందంతా సదివి ఇనిపిత్తాను," అంది మా అమ్మాయి. ఇది రాస్తేనే తనకు నాలుగు క్రెడిట్లు, అవి వస్తేనే డిగ్రీ అని కూడా చెప్పేసింది. దాంతో ముసలామె తానే లేచి, మమ్మల్ని ఇల్లిల్లూ తిప్పింది. కొన్నాళ్లు అలా తిరిగేసరికి ప్రాజెక్టు పూర్తయింది.

పట్టా వచ్చింది, బీఈడీలో సీటూ దొరికింది. కాలేజీ తెరవకముందే మా అమ్మాయి మాట నిలబెట్టుకుంది. ఆ ఊరికెళ్లి, ముసలామె ఇంటి అరుగు మీద కూర్చుని అందరికీ తన రిపోర్టంతా చదివింది. ఎవరి బోరు సంగతి వచ్చినప్పుడు వాళ్లు "అది మాదే" అని అరిచారు.

చివర్న ముసలామె అడిగింది. "నాలుగూ ఒచ్చినాయా?"

"ఒచ్చినాయమ్మా."

"ఊరు ఊరంతా సెప్తే, నాలుగేనేటి ఇచ్చినారు?"