నీళ్ల డ్రమ్ముల కాపలా

మే నెలలో డోన్ దగ్గర దిగాం. మిలిటరీ ఇంజనీర్ల దళంలో నేను డోజర్ నడిపేవాణ్ని. సొంత సీమలో డ్యూటీ పడటం నా సర్వీసులో అదొక్కసారే. కడపవాణ్ని, ఎండ నాకేం కొత్త? అయినా పొద్దెక్కితే లివర్ ముట్టుకోలేక చేతికి గోనెగుడ్డ చుట్టుకునేవాణ్ని.

ఆర్డరు చిన్నదే. పాడుబడిన నాపరాళ్ల గనిని పూడ్చి శిక్షణ మైదానం చెయ్యాలి. పదిహేను రోజుల గడువు.

రెండో రోజు బ్లేడు కింద ఏదో డబ్‌మని మోగింది. మట్టి తీస్తే నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు. కొన్ని నిండుగా, కొన్ని పగిలి, నల్లటి జిగురు కారుతూ ఉన్నాయి. వాసనకు ముక్కు మండింది. ఏదో ఫ్యాక్టరీ వ్యర్థాలను ఎవరో లారీల్లో తెచ్చి పారేశారు. మా కెప్టెన్ చెయ్యెత్తి ఇంజను ఆపించాడు.

వైర్‌లెస్‌లో హెడ్‌క్వార్టర్స్ గొంతు విసుగ్గా వచ్చింది.

"మట్టి కప్పి చదును చెయ్యండి. ఓవర్."

"చెయ్యను సార్. దిగువన ఊరి బోర్లున్నాయి. ఓవర్," అన్నాడు కెప్టెన్.

"గడువు దాటితే జవాబు నువ్వే చెప్పుకోవాలి. ఓవర్."

"చెప్పుకుంటాను. ఓవర్."

అడక్కుండా ఉండలేని నోరు నాది. "సార్, పారేసినోడు యాడుండాడో తెల్దు. ఇప్పుడీ సరుకు ఎవురిది?"

"తయారుచేసినవాడిదే. ఎన్ని చేతులు మారినా, పద్ధతి ప్రకారం నాశనం చేసేదాకా చట్టం వాణ్ని వదలదు. మనం మట్టి కప్పితే వాడి పక్కన మనమూ నిలబడాలి. తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు, నేను ఇంజనీర్ని."

గని అంచున మట్టిలో మూడు గుండ్రటి అచ్చులు కనిపించాయి. అక్కడ డ్రమ్ములు లేవు. సీమలో ఖాళీ డ్రమ్ము కనబడితే ఎవరైనా దాన్ని నీళ్లకే తీసుకెళ్తారు.

కెప్టెనూ నేనూ ఊళ్లోకి పరిగెత్తాం. చర్చి వెనక మూడు డ్రమ్ములున్నాయి. పాస్టరుగారి భార్య ఎస్తేరమ్మ వాటిని చింతపండుతో, బూడిదతో తోమించి, ట్యాంకరు నీళ్లు నింపి, తెల్లగుడ్డ కట్టింది. మర్నాడు ఆదివారం ప్రేమవిందు. ఊరంతా ఆ నీళ్లే తాగాలి.

"అక్కా, ఈ నీళ్లు ఎవురన్నా తాగినారా?"

"ఇంగా లేదప్పా. రేపటికని పెట్టినాం. ఏంటికి?"

చెప్పాం. ఆమె నమ్మలేదు. "ముమ్మారు కడిగినాం. వాసనే లేదు, చూడు."

"ప్లాస్టిక్ పీల్చుకున్నది కడిగితే పోదమ్మా," అన్నాడు కెప్టెన్.

"అట్లయితే పారబోస్తాం."

"పారబోయకూడదు. ఈ నీళ్లు కూడా ఇప్పుడు ఆ వ్యర్థమే."

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "తాగగూడదు, పారబోయగూడదు. ఏం చేసేది మరి? డ్రమ్ములు తెచ్చినామని మా మింద కేసు పెడతారా?"

"ఈ క్షణం నుంచి ఇవి నా స్వాధీనం. ఎవరడిగినా నా పేరు చెప్పండి," అన్నాడాయన.

మా క్యాంపు ట్యాంకరు విందుకిచ్చాం. మాకు స్నానాలు బంద్. వంటవాడు నన్ను తిట్టిపోశాడు. మూతలు బిగించి, చుట్టూ తాడు కట్టి, డ్రమ్ములకు నన్ను కాపలా పెట్టారు. భుజాన తుపాకీతో నిలబడి మేకల్ని తోలుతుంటే నవ్వొచ్చేది, దిగులూ వేసేది.

గడువు దాటింది. సంజాయిషీ ఇవ్వమని కెప్టెన్‌కు పిలుపొచ్చింది. ఆ తర్వాత ఆయనకేమైందో నాకు తెలియదు, తెలుసుకోవాలని ఇప్పటికీ ఉంది.

మేం తిరుగు ప్రయాణమైన రోజే, ఇలాంటి వ్యర్థాలు తీసుకెళ్లే అనుమతి ఉన్న లారీ వచ్చింది. గనిలోని డ్రమ్ములతోపాటు చర్చి వెనక మూడింటినీ ఎక్కించారు. బిందెలు చంకన పెట్టుకొని ఆడవాళ్లు దారి పక్కన నిలబడ్డారు. లారీ గుంతలో పడి లేచింది. మూతల కింద నీళ్లు తొణికాయి. ఆ చప్పుడుకు ఆడవాళ్లందరి తలలూ ఒక్కసారిగా అటు తిరిగాయి.