రంగులవారీగా సర్దిన గుండీలు

గుండీలమ్మ కొట్టు ఎంత ఇరుకంటే, లోపలివాళ్ళు బయటికి వస్తే తప్ప బయటివాళ్ళు లోపలికి పోలేరు. కానీ నేల నుంచి కప్పు దాకా రెండు గోడలకూ సొరుగులే. కోటు గుండీలు, చొక్కా గుండీలు, పసిపిల్లల గౌన్లకు కుట్టే చిట్టి గుండీలు. చుట్టుపక్కల దర్జీలంతా ఏ గుండీ కావాలన్నా ఆవిడ దగ్గరికే పరిగెత్తేవారు. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారి చేతి నుంచి అందుకున్న కొట్టు అది. "నేను కునుకు తీస్తున్నా నా చేతులు బేరం చేస్తాయి" అని గొప్పలు పోయేది. ఆ మాట నిజం చేసి చూపించాల్సిన రోజొకటి వస్తుందని పాపం అప్పుడు తెలియదు.

చూపు ఒక్కసారిగా పోలేదు. అంచుల నుంచి మెల్లగా చీకటి కమ్ముకొచ్చింది. ఎవరికీ చెప్పకుండా, ముదురు నీలాన్ని నలుపని అమ్మేసి, వెనక్కి తెచ్చినవాళ్ళ మీదే విసుక్కుని, కొన్నాళ్ళు నెట్టుకొచ్చింది. చివరి ఆపరేషను కూడా ఫలించక ఆవిడ ఆస్పత్రి మంచం మీద ఉన్న రోజుల్లో, ఇక్కడ మొగుడు ఓ ఘనకార్యం చేశాడు.

ఆయన బస్సు డ్రైవరుగా చేసి మానుకున్న మనిషి. భార్యంటే ప్రాణం. ఆవిడ తిరిగొచ్చేసరికి పని సుళువు చేయాలని సొరుగులన్నీ నేల మీద కుమ్మరించి, నడుం పట్టేసేలా కూర్చుని, ఒక్కో గుండీ ఏరి ఏరి సర్దాడు. ఆవిడను స్టూలు మీద కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని సొరుగులో పెట్టించాడు.

"చూసుకో. ఇక వెతుక్కునే పనే లేదు నీకు."

ఇత్తడీ, చెక్కా, కొమ్మూ, ముత్యపుచిప్పా, పెద్దా చిన్నా అన్నీ కలగాపులగంగా ఆవిడ చేతికి తగిలాయి.

"ఎలా సర్దారండీ?"

"రంగులవారీగా!" అన్నాడు ఛాతీ విరుచుకుని.

గుండీలమ్మ పిడికెడు గుండీలు తీసి మళ్ళీ సొరుగులోకి జారవిడిచింది. "ఏవండీ, వేళ్ళకు అందనిది ఆ రంగొక్కటే కదండీ!" అని పకపకా నవ్వింది. నవ్వి నవ్వి, చివరికి ఏడ్చింది. అప్పటిదాకా ఆస్పత్రిలో కూడా ఏడవని మనిషి.

ఆయన అక్కగారు, అంటే గుండీలమ్మకు వదిన, మాట కరుకు. మరదలు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ క్యారేజీ మోసింది మాత్రం ఆవిడే. సంగతి తెలిసి వచ్చి, ఉన్నదున్నట్టు అనేసింది.

"ఇక చాలమ్మాయ్. పక్కన కళ్ళద్దాల కొట్టాయన ఈ గది అడుగుతున్నాడు. ఇచ్చేసి ఇంట్లో హాయిగా కూర్చో."

"కళ్ళు పోయినదాని కొట్టు కళ్ళద్దాల పాలా వదినా? బాగుంది, నలుగురూ నవ్వుకోడానికి!"

పైకి అలా అన్నదే గానీ లోపల లెక్క వేరే. ఇంట్లో కూర్చుంటే తను ఫలానావారి భార్య. ఇక్కడైతే గుండీలమ్మ. ఆ పేరు కూడా పోతే ఇక మిగిలేది చీకటే. వానలు మొదలయ్యేదాకా గడువు అడిగింది. మొగుడు ఎటూ చెప్పలేక తలూపాడు. తలూపితే ఆవిడకు కనపడదని గుర్తొచ్చి, "సరే" అన్నాడు.

కళ్ళ ఆస్పత్రి డాక్టరమ్మ చెప్పిన మాటొకటి ఆవిడను పట్టుకుని వదల్లేదు. "మెదడులో చూపు కోసం పెద్ద జాగానే ఉంటుందమ్మా. కళ్ళ నుంచి కబురు రావడం ఆగిపోతే అది ఊరికే పడి ఉండదు. వేళ్ళ పని, చెవుల పని కొంత అందుకుంటుంది. కాకపోతే వేళ్ళకు పని చెప్పాలి మీరు."

"అంటే ఖాళీ అయిన గదిని పక్కవాళ్ళు అడిగినట్టా?" అంది గుండీలమ్మ. డాక్టరమ్మ నవ్వి, అలాగే అనుకోమంది.

అలా పని మొదలైంది. రోజూ ఒక సొరుగు ఒళ్ళోని పళ్ళెంలో వంపుకుని తడుముతూ కూర్చునేది. మొదట్లో వేళ్ళు మొద్దుల్లా ఉండేవి. అన్నీ గుండ్రంగానే తగిలేవి. విసుగొచ్చి ఒకసారి పళ్ళెం విసిరికొడితే, మొగుడు మోకాళ్ళ మీద పాకి అన్నీ ఏరి, కిక్కురుమనకుండా మళ్ళీ ఒళ్ళో పోశాడు. చిప్ప గుండీని చెంపకు ఆనిస్తే చల్లగా ఉంటుంది. ప్లాస్టిక్‌కు ఆ చలవ లేదు. ఇత్తడి, తడిమాక వేళ్ళకు వాసన అంటిస్తుంది. ఇవన్నీ కొత్తగా నేర్చుకుంటున్నాననుకుంది.

కొత్త కాదని ఓ మధ్యాహ్నం తెలిసింది. అంచు మీద తాడులాంటి మెలిక ఉన్న గుండీ ఒకటి బొటనవేలికి తగిలింది. తగలడమేమిటి, కళ్ళ ముందు ఆకుపచ్చ నిలిచింది! అదీ ముదురు ఆకుపచ్చ. దాన్ని కొనడానికొచ్చిన ముసలి దర్జీ దగ్గు కూడా వినిపించింది. ఇన్నేళ్ళూ ఏరింది కళ్ళే అనుకుంది గానీ, వేళ్ళూ తమ వాటా దాచుకుంటూనే ఉన్నాయి. సంతోషం పట్టలేక "ఏవండీ, కనపడుతోందండీ!" అని కేక పెట్టింది. ఆయన కంగారుపడి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. అది మొదలు సొరుగులు ఒక్కొక్కటే దారికొచ్చాయి. ఎర్ర గుండీల సొరుగు మాత్రం మొగుడు సర్దినట్టే ఉంచేసింది.

వానలు వచ్చాయి. వాటితోపాటే కళ్ళద్దాలాయన టేపు పట్టుకుని వచ్చాడు, వెనకాలే వదిన.

"తొందరేం లేదమ్మా, ఊరికే గోడలు కొలుచుకుందామని" అని నసిగాడాయన.

"ఆగండి వదినా" అంది గుండీలమ్మ. "నన్నొకసారి పరీక్షించండి. ఓడితే నేనే తాళంచెవి ఇస్తాను."

వదిన అటూ ఇటూ చూసింది. కళ్ళద్దాలాయన వానకోటుకు గుండీ ఒకటి ఊడిపోయి ఉంది. "సరే, ఈయన కోటుకు జత గుండీ తియ్యి. రంగుతో సహా కలవాలి సుమా. నేను ఏ రంగో చెప్పను. నువ్వూ నోరు మూసుకో" అని తమ్ముణ్ణి కసిరింది.

గుండీలమ్మ కోటు అంచు పట్టుకుని, మిగిలిన గుండీని చెంపకు ఆనించింది. గోటితో రంధ్రాలు తడిమింది. లేచి, గోడ వెంట చెయ్యి జరుపుకుంటూ వెళ్ళి ఒక సొరుగు లాగింది. ఒకటి తీసి, కాదని వదిలేసింది. ఇంకోటి తీసి వదిన అరచేతిలో పెట్టింది.

వదిన దాన్ని తీసుకుని గుమ్మంలో వెలుతురుకు పోయింది. వాన చప్పుడొక్కటే. గుండీలమ్మ సొరుగు అంచు వదలకుండా చెవులు రిక్కించింది.

"ఏం వదినా, నోరు పడిపోయిందా?"

"కాఫీ రంగు" అంది వదిన. గొంతులో కరుకు లేదు. "కోటుదీ కాఫీ రంగే. ఎలా తెలిసిందే నీకు?"

"ఆ గుండీలు పోసిన అచ్చులో ఒక రంధ్రం కాస్త పక్కకు జరిగింది. ఆ సరుకు మనకు కాఫీ రంగులోనే వచ్చింది. రంధ్రం తగలగానే రంగు కనపడింది."

"కనపడిందా?"

"కనపడింది వదినా."

మొగుడు ఈలవేసి గంతేయబోయి సొరుగుకు మోకాలు కొట్టుకున్నాడు. కళ్ళద్దాలాయన మనసారా నవ్వి టేపు చుట్టేసుకున్నాడు. వదిన ముక్కు చీదుకుని, "ఇటివ్వండి, ఇది నేనే కుడతాను" అంటూ సూది తీసుకుంది. కళ్ళు చికిలించి ఎంత గుచ్చినా దారం ఎక్కదు.

"మీకు అద్దాలు కావాలండీ" అన్నాడు కళ్ళద్దాలాయన.

"మీరూరుకోండి!"

గుండీలమ్మ చెయ్యి చాచింది. దారం కొస నాలుకతో తడిపి, గోటితో బెజ్జం వెతికి, ఎక్కించి ఇచ్చింది.

"గట్టిగా కుట్టండి వదినా. ఈ కొట్టులో కుట్టిన గుండీ ఊడిందంటే రేపటికల్లా నా పేరు పోతుంది."