రెండు వైపులా చదివించిన మార్తా మేడం

నిన్న మధ్యాహ్నం మా ఆఫీసులో కరెంటు పోయింది. మూలనున్న యూపీఎస్ కీచుమని అరిచి, ఆగి, మళ్ళీ అరిచింది. పక్కనున్నవాళ్ళు నవ్వుకుంటూ టీకి లేచారు. నేను మాత్రం లేవలేదు. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నాకు ఖమ్మంలో, ఖానాపురం హవేలి అనే పేటలో, ఒక ఇంటి మేడమీద ఉన్న రెండు గదులు గుర్తొస్తాయి. ఆ గదుల్లో మార్తా మేడం గుర్తొస్తుంది.

రెండువేల దశకం చివరి సంవత్సరాలవి. మా ఊరు వేంసూరు నుంచి వచ్చి ఆ రెండు గదుల్లో నడిచే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాను. నా మొదటి ఉద్యోగం అది. గోదావరి పెరిగితే భద్రాచలం చుట్టుపక్కల అడవి అంచు ఊళ్ళకు సెల్‌ఫోన్‌లో సందేశం పంపే ప్రోగ్రాం రాసేవాళ్ళం. ఏ ఊరివాళ్ళు ఎక్కడికి వెళ్ళి తలదాచుకోవాలో ఒక ఫైల్లో ఉండేది, ఊరికొక వరుస చొప్పున. ఆ ఫైలును ఖమ్మంలో నేను, భద్రాచలంలో ఉండి ఊళ్ళు తిరిగే రమేశ్, ఇద్దరమూ దిద్దేవాళ్ళం. ఇద్దరి పనీ కలిపేటప్పుడు, ఒకే వరుసను ఇద్దరం రెండు రకాలుగా మార్చి ఉంటే కంప్యూటర్ ఆగిపోయి మమ్మల్నే తేల్చుకోమనేది. దాన్ని కాన్‌ఫ్లిక్ట్ అనేవాళ్ళం.

మార్తా మేడం మా టీమ్ లీడ్. నలభై దాటిన మనిషి, సన్నగా, ఎప్పుడూ నూలు చీరలోనే ఉండేది. గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. చేరిన రెండో నెలలో అలాంటి కాన్‌ఫ్లిక్టులు ఓ పది వచ్చాయి. నేను అన్నిటికీ ‘నాదే ఉంచు’ అని నొక్కేసి నిశ్చింతగా కూర్చున్నాను. సాయంత్రం ఆమె నా కుర్చీ పక్కకు వచ్చి నిలబడింది.

“రమేశ్ రాసింది చదివినవా సరితా?”

“లేదు మేడం. నేను స్పెల్లింగులన్నీ సరిచేసిన కదా, నాదే మంచిగుందని...”

“నువ్వు అక్షరం దిద్దినవ్. ఆయన జనం పోయే జాగనే మార్చిండు. గాయన వారం రోజులు నడిచి తెలుసుకున్నది నువ్వు ఒక్క మీటతో కొట్టేసినవ్.”

అంతే అంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది. ఆమె వెళ్ళలేదు, కుర్చీ లాక్కుని కూర్చుంది. వాళ్ళ నాన్న పాల్వంచలో కరెంటు ప్లాంట్‌లో పనిచేశాడట. “షిఫ్ట్ దిగేటప్పుడు, ఎక్కేటాయన రిజిస్టర్ చదివి ‘అర్థమైంది’ అనేదాక మా నాన్న గేటు దాటేటోడు కాదు. కంపెనీ బస్సు పోయినా సరే, నడిచొచ్చేటోడు,” అంది. తర్వాత మూడు రోజులు కూర్చుని ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. అది కాన్‌ఫ్లిక్ట్ వచ్చిన ప్రతి వరుసనూ వెతికి పట్టుకుని, మొదట ఏముండేది, నేనేం మార్చాను, రమేశ్ ఏం మార్చాడు అని మూడూ పక్కపక్కన చూపేది. ఒకరు అక్షరాలు మాత్రమే దిద్ది, రెండోవారు విషయం మార్చినవాటిని ఒక గుంపుగా, ఇద్దరూ విషయమే మార్చినవాటిని ఇంకో గుంపుగా విడదీసేది. ఏది సరైనదో అదే చెప్పేస్తే బాగుంటుంది కదా అన్నాను. “అది చూపిస్తది. తేల్చాల్సింది మనమే,” అంది.

ఆ ఏడాది వానాకాలంలో గోదావరి ఒక్కసారిగా లేచింది. పొద్దున పదింటికి రమేశ్ భద్రాచలంలో ఒక నెట్ సెంటర్ నుంచి తన మార్పులన్నీ పంపాడు. అప్పటికే నేను కొత్తగా చేతికొచ్చిన ప్రభుత్వ ముద్రిత జాబితా చూసి అదే ఫైలును దిద్ది ఉన్నాను. కలపబోతే నలభై ఒక్క చోట్ల ఆగిపోయింది. అదే సమయంలో కరెంటు పోయింది, యూపీఎస్ అరవడం మొదలైంది. దాని బ్యాటరీ ఇరవై నిమిషాలకు మించి నిలవదు. సందేశాలు ఇంకా పోలేదేమని అధికారుల నుంచి ఫోన్ మీద ఫోన్.

మేడం ప్రోగ్రాం నడిపింది. ముప్పై ఐదు వరుసలు మొదటి గుంపులో పడ్డాయి. ఒక్కొక్కటీ ఆమె పైకి చదువుతుంటే నేను టిక్కు పెట్టాను. మిగిలిన ఆరింటిలో ఐదు, ఒకే చోటును ఇద్దరం రెండు పేర్లతో రాసినవి, వెంటనే తేలాయి. ఒకటి మిగిలింది, వాగొడ్డు గుంపు అనే ఊరిది. ముప్పై ఇళ్ళ కోయగూడెం అది. మొదట అక్కడ ‘ఊరి బడి’ అని ఉండేది. నేను ‘రోడ్డు పక్క గోదాము’ అని మార్చాను. రమేశ్ ‘గుట్ట మీది ఆశ్రమ పాఠశాల’ అని రాశాడు.

“నాదే కొత్తది మేడం. ఆయన పంపింది ఇయ్యాలే గానీ, రాసింది నాలుగు రోజుల కింద,” అన్నాను.

“తారీఖు చూస్తే దారి తెలుస్తదా? ఫోన్ కొట్టు.”

రమేశ్ ఫోన్ కలవలేదు. మళ్ళీ కలవలేదు. మేడం మిగతా ఊళ్ళన్నిటికీ సందేశాలు వదిలి, ఆ ఒక్కటి ఆపింది. ఇటు యూపీఎస్ అరుపుల మధ్య వ్యవధి తగ్గుతోంది. “ఏదో ఒకటి పంపుదాం మేడం, జల్దీ,” అన్నాను. ఆమె నా వైపు చూడలేదు. ఆ వరుసలో ఉన్న ఊరి పెద్ద నంబరుకు తనే ఫోన్ చేసింది. ఐదోసారికి ఒక ముసలామె ఎత్తింది. మేడం స్పీకర్ పెట్టింది.

“అమ్మా, రోడ్డు పక్క గోదాముకు పోవచ్చా?”

“ఏడ పోతం బిడ్డా? నడుమల వాగుంది. గోదారి నీళ్ళు వాగులకు ఎదురెక్కినయ్. పొద్దున ఎడ్లే దాటలే.”

“గుట్ట మీది బడికి?”

“అవ్, గటు దారుంది. పోవాల్నా? అందర్ని లేపుకపోవాల్నా?”

“పో తల్లీ, ఇప్పుడే పో. పిల్లల్ని ముందు పంపు.”

మేడం రమేశ్ వరుస ఉంచి, సందేశం పంపింది. రెండు నిమిషాలకు తెరలన్నీ ఆరిపోయాయి. సాయంత్రం ఐదింటికి రమేశ్ ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికే వాగొడ్డు గుంపు ఇళ్ళలోకి నడుము లోతు నీళ్ళు వచ్చాయట. గూడెమంతా ఆశ్రమ పాఠశాల వరండాలో ఉందట. “అందరూ ఉన్నరు మేడం, లెక్కబెట్టిన,” అన్నాడు. ఆ మాటకు నేను నేలమీద కూర్చుని ఏడ్చేశాను. నేను రాసిన వరుసే పంపి ఉంటే సందేశం నమ్మినవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని ఆ వాగులో దిగేవాళ్ళు. మేడం నా పక్కనే నేలమీద కూర్చుంది. “నాకూ భయమైంది సరితా,” అంది మెల్లగా. “భయం లేనోళ్ళకు ఈ పని ఇయ్యొద్దు.”

రెండేళ్ళకు ఆ ఆఫీసు మూతపడింది. మేడం పాల్వంచ వెళ్ళి పిల్లలకు లెక్కలు చెప్పేది. ఒకసారి వెళ్ళి కలిశాను. ఆ రోజు గురించి ఇద్దరం ఒక్క మాటా ఎత్తలేదు. పోయిన ఏడాది ఆమె చనిపోయిందని రమేశ్ చెప్పాడు.

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. కాన్‌ఫ్లిక్టులను నాకంటే వేగంగా తేలుస్తారు, నా నెమ్మదిని చూసి చాటుగా నవ్వుకుంటారు కూడా. నవ్వుకోనీ. ఒకరు రాసింది కొట్టేసే మీట మీదికి వేలు వెళ్ళేసరికి నాకు ఇప్పటికీ భయమేస్తుంది, వేలు తీసి రెండు వైపులా మళ్ళీ చదువుతాను. ఆ భయం పోకూడదనే నా కోరిక.