నల్లజీలకర్ర మళ్లలో మూడో ఏడు

మొన్న మా కోడలు జుట్టుకు మంచిదని రాజమండ్రి బజారులో నల్లజీలకర్ర నూనె కొనుక్కొచ్చి సీసా మూత తీసేసరికి, ఆ ఘాటు నా ముక్కుకు తగిలి, ఎప్పుడో నేను పనిచేసిన లంక పొలం గుర్తొచ్చింది.

అప్పుడు నాకు పాతికేళ్లు. మావారు నడుం దెబ్బతిని మంచాన పడ్డారు గనక, గోదావరి లంకలో ఓ చిన్న ప్రయోగ క్షేత్రంలో మళ్ల దిగుబడి పుస్తకంలో రాసే నా టెంపరరీ ఉద్యోగమే ఇంటికి ఆధారం. అదే పొలంలో కూలికి వచ్చే మా పిన్నే నాకా ఉద్యోగం సంగతి చెప్పింది. లంక నేలలో పొగాకుకు బదులు నల్లజీలకర్ర పండుతుందేమోనని అక్కడ రెండు రకాలు పక్కపక్క మళ్లలో వేసి చూసేవారు. మొక్కలు చూపుకు ఒకేలా ఉన్నా, ఒకదానికి గింజ బాగా వచ్చి నూనె చప్పగా ఉండేది, రెండోదానికి గింజ తక్కువైనా నూనె చిక్కగా, ఘాటుగా దిగేది. పిన్ని వాటికి గింజరకం, నూనెరకం అని పేర్లు పెడితే మా ఆఫీసరుగారు కూడా అలాగే పిలిచేవారు. మూడో ఏడు ఫలితం కూడా తేలితేనే పని సాగుతుందని, అప్పుడు నన్ను పర్మనెంటు చేయమని పైవాళ్లకు రాస్తానని ఆయన అన్నారు.

ఆ ఏడు కాయలు పండి కోతకొచ్చే వేళకు అకాల వాన పట్టుకుంది. మూడు రోజులు తెరిపి లేదు. పిన్నీ నేనూ మోకాలి లోతు బురదలో నిలబడి, తడిసి గింజ రాలిపోతున్న మొక్కల్ని కోసి, కట్టలు కట్టి షెడ్డులోకి మోశాం. వాన వెలిశాక చూస్తే కట్టలకు నేను కట్టిన చీటీల మీద సిరా మొత్తం కరిగిపోయి ఉంది. ఏ కట్ట ఏ మడిదో తెలిసే దారి లేదు. గింజ నలిపి వాసన చూశాను, అన్నిట్లోనూ ముక్కిన వాసనే.

“ఎక్కువ తూగినవి గింజరకమని రాసెయ్యమ్మా. రెండేళ్లుగా అంతేగా,” అంది పిన్ని.

ఆ మాట నిజమే కావచ్చు. పుస్తకం తెరిచి, పెన్సిలు పట్టుకుని, మంచం మీదున్న మనిషిని తలుచుకుంటూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. చివరికి, చీటీలు చెరిగాయి, రకాలు కలిసిపోయాయి అని రాశాను.

ఆఫీసరుగారు అది చదివి పుస్తకం మూసేశారు.

“మీరు రాసింది తప్పని అననండీ. కానీ దీంతో నేను మిమ్మల్ని నిలబెట్టలేను,” అన్నారు.

ఆ వేసవిలోనే ప్రయోగం ఆపేశారు. నేను బట్టల కొట్లో చేరాను. పిన్ని రొయ్యలు ఒలిచే షెడ్డుకు వెళ్లింది, ఐసు నీళ్లలో నాని ఆవిడ వేళ్లు వంకర్లు తిరిగాయి. నన్ను పల్లెత్తు మాట అనలేదు. పోయేముందు ఆసుపత్రిలో ఒక్కసారే, “ఆ రోజు రాసేస్తే ఎవరికి నష్టమమ్మా?” అని అడిగింది. నేను ఆ వంకర వేళ్లను నా చేతుల్లోకి తీసుకున్నాను.

ఇప్పుడు ఇలాంటి పొలాల్లో లెక్కలన్నీ ఫోనులోనే ఎక్కించుకుంటారట, ఎంత వాన కురిసినా మడి పేరు పోదట. వినడానికి సంతోషంగానే ఉంటుంది. అబద్ధం రాయలేదన్న తృప్తి నాకు మిగిలింది, కానీ దానివల్ల కష్టాలు పడింది మా పిన్ని, ఆవిడను అడిగి నేనా పని చేయలేదు.