పులుపులో నానిన గవ్వలు

తెల్లవారగానే జైతున్‌బీ ముందురోజు తోమి బోర్లించిన గిన్నెలను మళ్లీ ఒక్కొక్కటిగా వెలుగులోకి తిప్పి చూస్తుంది. ఎక్కడైనా మరక కనిపిస్తే ఆ పూట టీ ఆలస్యమే. ఆమె భర్త ఖాదర్‌బాషా తిరువూరు బజారులో రాగి, ఇత్తడి పాత్రలకు కళాయి పోస్తాడు. కళాయి పట్టాలంటే ముందు పాత్ర శుభ్రంగా ఉండాలి. ఆ తోమడం పాతికేళ్లుగా జైతున్‌బీ పని. చింతపండూ ఇటుకపొడీ ఆమె చేతిలో ఉంటే ఎంత నల్లబడ్డ బిందైనా కొత్తదైపోతుందని బజారులో పేరు.

1955లో చంద్రశేఖరం మేష్టారు బందరులో ఉద్యోగం విరమించి ఊరికి వచ్చేశారు. ముప్ఫై ఏళ్లుగా సముద్రపు ఒడ్డున ఏరి దాచిన గవ్వలు, శంఖాలు, ఎండిన నక్షత్రచేపలు, స్పిరిటు సీసాల్లో చేపలు వెంట తెచ్చుకున్నారు. గ్రంథాలయం వెనుక గది అడిగి తీసుకుని, అన్నీ బల్లల మీద సర్ది, పేర్ల చీటీలు అంటించి, ‘సముద్రజీవుల గది’ అని బోర్డు పెట్టారు. గంపలగూడెం, పెనుగొలను బడుల పిల్లలు బస్సెక్కి వచ్చి చూసేవారు.

మంగళవారాలు వాళ్లకు గది చూపించడానికి ఆ వీధి ఆడవాళ్లు ముగ్గురు ఒప్పుకున్నారు. బియ్యం మిల్లువారి కోడలు ఇందిరాదేవి చీటీల మీది పేర్లు చదివేది. బడిలో వంట చేసే అంతోనమ్మ పిల్లల్ని వరసలో నిలబెట్టేది. చదువురాని జైతున్‌బీకి తుడిచే పని. అయితే అందరికన్నా ముందు వచ్చేది ఆమే కనుక తాళంచెవి ఆమెకిచ్చారు మేష్టారు. ఇంటి బయట ఒక గదిని ఎవరైనా ఆమెకు అప్పగించడం అదే మొదలు. దాన్ని నల్లపూసల దండకు కట్టుకుంది.

రెండేళ్లకు, జిల్లా విద్యాధికారి బుధవారం గది చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. పిల్లల చేతుల జిడ్డుకు మచ్చల గవ్వలు మాసిపోయి ఉన్నాయి. మంగళవారం పొద్దున జైతున్‌బీ ఒక్కతే వెళ్లి, వాటిలో మేలైనవి ఎనిమిది చింతపండు పులుసులో నానబెట్టింది. గవ్వల చుట్టూ సన్నటి బుడగలు లేచాయి. మురికి వదులుతోందని సంతోషించింది. మధ్యాహ్నం కడిగి చూస్తే అద్దంలాంటి నునుపు లేదు. మచ్చలు వెలిసిపోయి, గవ్వ సుద్దముక్కలా గరగరలాడింది.

మిగతా ఇద్దరూ వచ్చి చూశారు. ఇందిరాదేవి భయపడింది. పిల్లలు నలిపి పాడుచేశారని చెబుదామంది.

“చేపలకి పులుపు పోస్తారని గవ్వలకీ పోశావా వదినా?” అంది అంతోనమ్మ.

జైతున్‌బీ నవ్వలేదు. నిజం చెబితే తాళంచెవి పోతుంది. చెప్పకపోతే రేపటి నుంచి ఏ పిల్లవాడినీ గవ్వ ముట్టనివ్వరు. ఒక గవ్వను కొంగులో పెట్టుకుని మేష్టారింటికి నడిచింది.

ఆమె చెప్పిందంతా విని, మేష్టారు గవ్వను వేలితో రుద్ది చూశారు. తర్వాత, గవ్వంటే సున్నమేనని, లోపలి జీవి ఆ సున్నాన్ని తన ఒంట్లోంచే ఊరించి ఏళ్ల తరబడి గూడు కట్టుకుంటుందని, పులుపు సున్నాన్ని తినేస్తుందని నెమ్మదిగా చెప్పారు. పోయిన నునుపు మళ్లీ రాదన్నారు.

“ఆ మాట చీటీ మీద రాయలేదేంటి మేష్టారూ? ఒట్టి పేర్లు రాశారు. పేరు వింటే నాకేం తెలుస్తుందండి?”

 మేష్టారు తాళంచెవి కోసం చెయ్యి చాపారు. జైతున్‌బీ తాళంచెవి విప్పి ఇచ్చేసింది.

మర్నాడు ఆమె రాదనుకున్నారు. వచ్చింది. మేష్టారు ముందు బల్ల మీద పాడైన గవ్వనూ మంచి గవ్వనూ పక్కపక్కన పెట్టి ఉంచారు. వాటికి చీటీ లేదు.

“వీటి సంగతి మీరే చెప్పండమ్మా,” అన్నారు.

విద్యాధికారి ఎదుట ఆమె పులుసు దగ్గర మొదలుపెట్టి బుడగల దాకా, బుడగల నుంచి గూడు కట్టిన జీవి దాకా చెప్పింది. ఆయన రెండు గవ్వలూ తడిమి చూశారు. ఆనాటి నుంచి పిల్లలకూ ఆమే చెబుతోంది. కళ్లు మూసుకోమని రెండూ చేతికిస్తుంది. మేష్టారు కొట్టారా అని ఒక పెనుగొలను పిల్ల అడిగితే, లేదు, తాళంచెవి తీసుకున్నారని చెప్పింది.

ఇప్పుడు జైతున్‌బీకి నలభై ఎనిమిదేళ్లు. గది తాళంచెవి ఇందిరాదేవి దగ్గర ఉంటుంది.