తుబ్లీ నుంచి వచ్చిన జవాబు

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోయే రకం నేను. కంప్యూటర్ల పని చేసినవాణ్ని. తీగ లేనిదే కబురు రాదనుకునేవాణ్ని. ఇప్పటికీ దెయ్యాలను నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

తొంభైల్లో బహ్రెయిన్‌లో, మనామాలోని ఒక వ్యాపార కంపెనీలో ఉద్యోగం. మా గోదాం తుబ్లీలో ఉండేది. ఇంటర్నెట్ ఇంకా మా దాకా రాలేదు. ఆఫీసు కంప్యూటర్‌లోని ప్రోగ్రాం, టెలిఫోన్ లైను మీద గోదాం కంప్యూటర్‌లోని ప్రోగ్రాంను పిలిచేది. అది పలికితేనే సరుకు వివరాలు అడిగేది. ఆర్‌పీసీ అనే పాత పద్ధతి అది.

గోదాం వైపు చూసుకునేది ఖాజా, బోధన్ మనిషి. మొదట్లో అక్కణ్నుంచి ‘ఓకే’ అని జవాబు వచ్చేది. అది ఖాజాకు నచ్చలేదు.

“ఓకే ఏంది భాయ్? మనల్ని ఎవరన్న పిలిస్తే ‘ఉన్న’ అంటం గద!”

ఇంగ్లీషు అక్షరాల్లోనే ‘ఉన్న’ అని మార్చాం. రోజంతా నా తెర మీద అదే మాట.

తర్వాత కంపెనీ కొత్త సిస్టం తెచ్చింది. తుబ్లీ కంప్యూటర్‌కున్న లైను తీసేశారు. ఆ రోజుల్లోనే ఖాజా గుండె జబ్బుతో ఆస్పత్రిలో చేరాడు. శుక్రవారం సెలవు కదా, వెళ్లి చూద్దామనుకున్నాను. నా కంప్యూటర్‌లోని పాత ప్రోగ్రాంను ఇంకా ఆపలేదు. అది పిలుస్తూనే ఉండేది, అవతల పలికేవాళ్లు లేరు.

శుక్రవారం రాకముందే, ఒక మధ్యాహ్నం, తెర మీద జవాబు కనిపించింది. ‘ఉన్న’ కాదు. ‘పోతున్న’.

ఖాజా డ్యూటీకి వచ్చి, లైను మళ్లీ కలిపి తమాషా చేస్తున్నాడనుకున్నాను. సంతోషం పట్టలేక గోదాంకు ఫోన్ చేశాను. స్టోర్‌కీపర్ ఎత్తాడు.

“ఖాజా యాడొచ్చిండు? దవాఖానలనే ఉన్నడు. ఆ కంప్యూటర్‌ను ఎప్పుడో డబ్బల పెట్టి కట్టేసినం గద!”

టాక్సీ పట్టుకుని ఆస్పత్రికి వెళ్లాను. మంచం ఖాళీగా ఉంది. కాసేపటి క్రితమే పోయాడని నర్సు చెప్పింది.

ఆ తర్వాత ప్రోగ్రాం మొత్తం వెతికాను. ఆ మాట ఎక్కడా లేదు. గోదాంకు వెళ్లి చూశాను. డబ్బాకు వేసిన టేపు కూడా ఊడలేదు.

బోధన్‌కు ఫోన్ చేయాల్సింది నేనే అయింది. ఖాజా భార్య చాలాసేపు ఏడ్చి, చివరికి ఒక్కటే అడిగింది.

“ఆఖర్ల ఏమన్న అన్నరా, భయ్యా?”

నోటి దాకా వచ్చింది. చెబితే ఎవరితో అన్నాడు, ఎట్లా అన్నాడు అని అడుగుతుంది. నేనేం చెప్పగలను?

“ఏం అనలే, చెల్లె” అన్నాను.

అది ఎలా వచ్చిందో ఈరోజుకీ నాకు తెలియదు. ఆమెకు చేరాల్సిన మాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.