కల్వర్టు ముందు, పత్తి వెనక

పత్తి కొనుగోలు విధానాన్ని అన్ని సంఘాలతోనూ సంప్రదించి మారుస్తామన్న వార్త ఈ ఉదయం నరసరావుపేట గ్రంథాలయంలో చదివి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. నా ఈడువాళ్ళు ఇలాంటి వార్తలు ఎన్నిసార్లు చదివి ఉంటారో! అన్ని సంఘాలు అన్న మాట కనబడితే చాలు, నాకు మా బాబాయే గుర్తుకొస్తాడు.

అప్పట్లో మేము రెంటచింతల దగ్గర పల్లెలో ఉండేవాళ్ళం. నా చదువు పదో తరగతితో ఆగినా, శాఖా గ్రంథాలయంలోని పుస్తకాలన్నీ, ఎవరూ ముట్టని చట్టాల పుస్తకాలతో సహా, చదివేశానన్న గర్వం నాకు చాలా ఉండేది. అందుకే ఊళ్ళో ఏ అర్జీ రాయాలన్నా నన్నే పిలిచేవారు. ఆ ఏడు ప్రభుత్వం పత్తి కొనే కేంద్రాన్ని రెంటచింతలలో పెట్టాలా, దూరాన పట్నంలోని మిల్లుల ఆవరణలో పెట్టాలా అన్నది ఇంకా తేలలేదు. మంత్రిగారు గురజాల వస్తున్నారని, కేంద్రం రెంటచింతలలోనే పెట్టమని ఆయనకు అర్జీ ఇద్దామని ఊళ్ళో అనుకున్నారు. మూడెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేసిన మా బాబాయికి పట్నందాకా బస్తాలు తోలడం కుదరని పని. కేంద్రం దగ్గరలో రాకపోతే దళారికి తెగనమ్ముకోవడమే.

మా పల్లెలో ఒక పద్ధతి ఉండేది. సంతకం పెట్టే ప్రతివాడి కోరికా అర్జీలో ఉండాలి, లేకపోతే పెట్టడు. నేను అరుగు మీద కాగితాలు పరుచుకోగానే వీధి చివరి పెదనాన్న, వరసకే పెదనాన్న, గద్దించాడు.

"ఏమే, చానా చదివావంటగా, వాగు మీద నా కల్వర్టు ఏదే? అది మొదట రాస్తేనే ఏలిముద్ర. లేకపోతే మీ పత్తికి మీరే ఏసుకోండి."

"రాయవే అమ్మాయ్. ఆయనేస్తే ఆ ఈదంతా ఏస్తది," అన్నాడు బాబాయి.

కల్వర్టు మొదట ఎక్కింది. ఆ వెనక పశువుల డాక్టరు, బడికి ప్రహరీ, మాచర్ల బస్సు. పత్తి కేంద్రం రెండో పేజీలోకి జారింది. నేనూ తక్కువ తినలేదు, పుస్తకాల్లో నేర్చిన పెద్ద మాటలన్నీ కూర్చి ఇంకో పేజీ పెంచాను.

నెల తిరక్కుండా జవాబు వచ్చింది: మీ అర్జీని రోడ్ల శాఖకు పంపడమైనది. కేంద్రం మాత్రం మిల్లుల ఆవరణకే పోయింది. మంత్రిగారి ఆఫీసులో బంట్రోతుగా ఉన్న మా మేనమామ తరువాత చెప్పాడు.

"మిల్లోళ్ళది ఒకటే కాయితం అమ్మాయ్, ఒకటే కోరిక. ఆర్డరు ఎట్టా ఉండాలో కూడా కింద వాళ్ళే టైపు కొట్టించారు. అయ్యగారికి సంతకం పెట్టే పనే మిగిలింది."

బాబాయి పత్తి దళారికే పోయింది. మరుసటి ఏడు పత్తి కేంద్రం ఒక్కటే అడుగుతూ అరపేజీ రాసి ఇల్లిల్లూ తిరిగాను. తమ కోరిక లేని కాగితం మీద ఎవరూ వేలు వేయలేదు. బాబాయి ఒక్కడే సంతకం పెట్టి, మడిచి నా చేతికిచ్చాడు. ఆ వేసవిలో కౌలు వదిలేశాడు.

ఇప్పుడు అర్జీలు ఫోనులోనే పెట్టుకుంటున్నారు. ఎవరి కోరిక వాళ్ళది, ఎవరి రసీదు నంబరు వాళ్ళది. మిల్లులవాళ్ళు మాత్రం ఇప్పటికీ కలిసే వెళుతున్నారు. అంతమందీ ఒక్క అరుగు మీద కూర్చున్న ఆ రోజున, అందరినీ ఒకే కోరికకు ఒప్పించే మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఇప్పుడు ఆ మాట దొరికినా, అలా వచ్చి కూర్చునేవాళ్ళు లేరు.